పురుగుల ఇంట్లో పొదుగుకోడి వద్దంటే ఎట్లా?



పోయిన వారం మన గ్రూపులో ఒక ఫోటో వచ్చింది. పురుగుల షెడ్డు వాకిలి పక్కనే గంప, గంప ముందర పిల్లల కోడి. పన్నెండు గుడ్లకు పది పిల్లలు లేసినాయని ఒక చెల్లెలు సంతోషంగా పెట్టింది. దాని కింద వచ్చిన మాటలు మీరంతా చూసినారు. "పురుగులు మేపే ఇంట్లో కోళ్లేంటికి?" అని ఒకరు. "ముందు వాటిని సంతకు తోలేయండి" అని ఇంకొకరు. "ఇంకా ఈ కాలంలో పెట్టను కూర్చోబెట్టేదేంది, ఆన్‌లైన్‌లో మిషన్ వస్తాది కదా" అని మూడో ఆయన. గంటలోపల ఆ చెల్లెలు ఫోటో తీసేసింది. ఆమె తరఫున రెండు మాటలు చెప్పాలని ఇది రాస్తా ఉండాను. కొంచెం పొడుగైతాది, ఆకు వేసినాక తీరిగ్గా చదువుకోండి.

మొదట ఒప్పుకునేది ఒప్పుకుంటాను. షెడ్డు వాకిలి పక్కన కోడి ఉండకూడదు. కోడికి పట్టుపురుగు అంటే పాయసం. తలుపు ఒక్క పది నిమిషాలు తెరిచి ఉంటే ఒక వరస ఖాళీ చేస్తాది. అది చిన్న నష్టం. పెద్ద నష్టం దాని కాళ్లతో, రెట్టతో వస్తాది. పురుగుల కింద తీసిన చెత్త మనం కుప్ప పోస్తాం. ఆ కుప్పలో గ్రాసరీ తగిలిన పురుగులు, అదే మనం పాల రోగం అనేది, కొన్నైనా ఉంటాయి. కోడి పొద్దంతా ఆ కుప్పను కెలికి, అవే కాళ్లతో షెడ్డు వరండాలోకి వస్తాది. పురుగుల్లో వచ్చే ఈ జాతి వైరస్‌లు పక్షి కడుపులో పడినా చెడకుండా రెట్టలో బయటికి రాగలవు. కాబట్టి షెడ్డుకు కోడిని దూరం పెట్టమని చెప్పేవాళ్లది తప్పు కాదు.

ఇది మా ఇంట్లోనే జరిగింది. నాలుగేళ్ల కిందట నూటయాభై గుడ్ల పంట, నాలుగో జ్వరం లేసినాక పురుగులు కణుపుల దగ్గర ఉబ్బి, తళతళ మెరిసి, స్టాండు అంచుకు ఎక్కి పాలు కార్చినాయి. సగానికి పైగా పోయినాయి. కోళ్ల వల్లనే వచ్చిందని నేను చెప్పలేను. ఆ వారం వాన, తడి ఆకు వేసినాం, గాలి ఆడలేదు. ఏది కారణమో దేవునికే ఎరుక. కానీ కోళ్లు కంటికి కనపడతాయి, వైరస్ కనపడదు. మా ఆయన వచ్చే సంతకే ఏడు పెట్టల్ని, రెండు పుంజుల్ని అమ్మేసినాడు. అందులో మా అత్త ఇరవై ఏళ్లుగా సాకుతా వచ్చిన జాతి పెట్ట కూడా పోయింది. నేను అడ్డం చెప్పలేదు. చెప్పాల్సింది.

ఏడాదిన్నర కోడి లేని ఇల్లు చూసినాను. ఏమి పోయిందో అప్పుడు తెలిసింది. గూళ్ల డబ్బు కోలార్ మార్కెట్లో తూకం అయినాక బ్యాంకు ఖాతాలో పడుతుంది. ఆ ఖాతా ఎవరి పేరున ఉంటాదో మీకు తెలుసు. సొప్పు కోసేది, పురుగులకు రాత్రి పది గంటలకు వేసేది మనం. పిల్లోడికి నోటుబుక్కులు కావాలన్నా, పుట్టింటికి పోతా బస్సు చార్జీ కావాలన్నా అడగాల్సిందే. కోడి డబ్బు అట్లా కాదు. గుడ్డు అమ్మినా, పుంజు అమ్మినా చేతికే వస్తాది, ఎవరూ లెక్క అడగరు. కేజీఎఫ్ పక్క ఊళ్లవాళ్లకు ఇంకా బాగా తెలుసు. 2001 ఫిబ్రవరి 28న గనులు మూసినప్పటి నుంచి అక్కడి వాళ్లు ఎంతోమంది తెల్లారకముందే మారికుప్పంలో రైలెక్కి బెంగళూరు పనులకు పోతారు. ఇంటికాడ నిలిచేది ఆదివారమే. నాటుకోడి అడిగేదీ ఆ పొద్దే. బ్రాయిలర్ కంటే రెండింతలు పెట్టి కొంటారు, బేరం కూడా ఎక్కువ ఆడరు.

అందుకే మళ్లీ మొదలుపెట్టినాను. ఈసారి కోళ్లు ఇంటి వెనక, షెడ్డుకు అవతలి దిక్కు. మధ్యలో వల కంచె. పురుగుల చెత్త కుప్ప పోయకుండా గుంతలో వేసి మన్ను కప్పుతాం. ఇదంతా చేసినా మొదటి ఈత పిల్లలు పోయినాయి. పదకొండు లేసినాయి, పది రోజులకు రెండు మిగిలినాయి. నీళ్ల గిన్నెలో పడి ఒకటి, ముంగిస ఎత్తుకపోయినవి మూడు, కాకులు తన్నుకపోయినవి ఎన్నో లెక్కలేదు. తెగులు కాదు, ఏమీ కాదు. చూసే మనిషి లేక పోయినాయి. ఎందుకంటే పిల్లలు లేసిన రోజు మా పురుగులు ఐదో దశలో ఉన్నాయి.

నేను చెప్పదలుచుకున్నది ఇదే. మన ఇండ్లలో పొదుగుకోడికి శత్రువు పట్టుపురుగు కాదు, తేదీ. పురుగు మొత్తం జీవితంలో తినే ఆకులో నూటికి ఎనభై పాళ్లకు పైగా ఐదో దశ ఏడెనిమిది రోజుల్లోనే తింటాది. ఆ వారం ఇంట్లో ముసలోళ్ల నుంచి బడి పిల్లల వరకు అందరూ తోటలోనో షెడ్డులోనో ఉంటారు. ఆ వారంలో ఒకరోజు పిల్లలకు కావలి ఎవరు? పిల్లల కోడికి మొదటి పది రోజులే ప్రమాదం. ఆ పది రోజులు, పురుగు ఐదో దశ, రెండూ ఒకదాని మీద ఒకటి పడకుండా చూసుకుంటే మిగతాది పెట్టే చూసుకుంటాది.

లెక్క చాలా సులువు, వేళ్ల మీద వేసుకోవచ్చు. మనం ఇప్పుడు గుడ్లు తెచ్చి ఇంట్లో పొదిగించడం మానేసినాం, రెండో జ్వరం లేసిన చాకీ పురుగులు తెచ్చుకుంటాం. చాకీ ఇంటికి వచ్చిన రోజును సున్నా అనుకోండి. మూడో దశ, జ్వరం కలిపి నాలుగు రోజులు. నాలుగో దశ, జ్వరం కలిపి ఐదు రోజులు. ఐదో దశ ఏడెనిమిది. అంటే పదహారు, పదిహేడో రోజుకు పురుగు పండుతాది, చంద్రికలకు ఎక్కిస్తాం. అక్కడి నుంచి ఐదారు రోజులకు గూళ్లు విడిపిస్తాం. ఇరవై రెండో, ఇరవై మూడో రోజు మార్కెట్టు. చలికాలం ఒకటి రెండు రోజులు అటూ ఇటూ.

కోడిగుడ్డుకు ఎప్పుడైనా ఇరవై ఒక్క రోజులే. కాబట్టి చాకీ వచ్చిన రోజు సాయంత్రమే పెట్టను గుడ్ల మీద కూర్చోబెట్టండి. మనకు కష్టం ఉన్న రోజులంతా అది గంప కింద కళ్లు మూసుకొని కూర్చుంటాది. దానికి మనతో పని రోజుకు ఒక్కసారే. పిల్లలు లేసేనాటికి పురుగులు చంద్రికల మీద గూడు కట్టుకొని ఉంటాయి. ఆకు పని లేదు. పంట మొత్తంలో మనం కాలు చాపుకొని కూర్చునే రోజులు అవే నాలుగైదు. ఆ రోజుల్లో పిల్లల్ని చూసుకోవచ్చు, నూకలు వేసుకోవచ్చు.

నెలనెలా పంట తీసేవాళ్లు, అంటే తోటను రెండు పాలు చేసుకున్నవాళ్లు, ప్రతి చాకీకీ కూర్చోబెట్టొద్దు. పంట విడిచి పంటకు చాలు. లేకపోతే ముందరి ఈత పిల్లలు, కొత్తగా లేసినవి, పురుగులు, అన్నీ ఒకేసారి మీద పడతాయి. ఆశకు పోయి నేను ఒకసారి చేసి చూసినాను, అందుకే చెప్తాండాను.

"పెట్ట మనం చెప్పిన తేదీకి పొదుగుకు వస్తాదా?" అని అడుగుతారు. రాదు. కానీ దాన్ని నిలబెట్టుకోవచ్చు. చాకీ రావడానికి ఇంకా వారం ఉండగా పెట్ట పొదుగుకు వచ్చిందనుకోండి, రెండు పాత గుడ్లకు బొగ్గుతో అడ్డగీత గీసి వాటి మీద కూర్చోనివ్వండి. వారం పది రోజులు అది మోసపోతానే ఉంటాది. చాకీ వచ్చిన రోజు చీకటి పడినాక ఆ రెండూ తీసి మంచి గుడ్లు కిందికి తోయండి. రాత్రే చేయాలి, పగలు చేస్తే కొన్ని పెట్టలు లేసిపోతాయి. పది రోజుల కంటే ముందే వచ్చిందంటే ఆ పెట్టను ఆ పంటకు వదిలేయడమే మేలు. ఇంకో పెట్ట ఉంటే దానితో చూసుకోవచ్చు. మూడు నాలుగు పెట్టలు ఉన్న ఇంట్లో ఏదో ఒకటి తేదీకి దొరుకుతాది.

ఒక మాట మాత్రం గట్టిగా అంటాను. పొదుగుకు వచ్చిన పెట్టను నీళ్ల తొట్టిలో ముంచడం, ముక్కులో ఈక గుచ్చడం, కాళ్లు కట్టి ఎండలో వేయడం, ఇవి ఇప్పటికీ మన ఊళ్లలో చేస్తా ఉండారు. మళ్లీ తొందరగా గుడ్డు పెట్టాలని. ఆ నాలుగు గుడ్ల కోసం ఆ జీవిని అంత హింస పెట్టాల్సిన పనిలేదు. పొదుగు మాన్పించాలంటే గాలి ఆడే జల్లి బుట్టలో, కింద గడ్డి లేకుండా, మేత నీళ్లు పెట్టి నాలుగైదు రోజులు ఉంచితే అదే మానుకుంటాది.

గుడ్లు దాచేది కూడా మనలో చాలామందికి తప్పు అలవాటు అయిపోయింది. ఫ్రిజ్‌లో పెట్టిన గుడ్డును తెచ్చి కోడి కింద పెడతారు, పిల్ల లేయలేదని కోడిని తిడతారు. మా అత్త రాగుల కడవలో, వెడల్పు కొన పైకి పెట్టి దాచేది. ఇప్పుడు నేనూ అంతే. వారం, ఎక్కువంటే పది రోజుల గుడ్లే. పదైనా పన్నెండైనా పెట్ట రెక్కల కిందికి పట్టినన్నే. పదహారు పెడితే పదహారు పిల్లలు రావు. పెట్ట గుడ్లను ఎప్పుడూ లోపలివి బయటికి, బయటివి లోపలికి తిప్పుతా ఉంటాది. చోటు చాలకపోతే రోజుకో రెండు గుడ్లు చలికి దొరికి, చివరికి అన్నీ కొంచెం కొంచెం చెడిపోతాయి.

ఇక్కడ నాకు ఎప్పుడూ ఆశ్చర్యం కలిగించే సంగతి ఒకటి. ఇంట్లో గుడ్లు పొదిగించిన పెద్దవాళ్లకు గుర్తుండే ఉంటాది. పట్టుపురుగు గుడ్లు నీలిరంగుకు తిరిగినాక నల్ల గుడ్డలోనో నల్ల కాగితంలోనో చుట్టి చీకట్లో పెట్టేవాళ్లం, అన్నీ ఒకే పొద్దున ఒకేసారి లేయాలని. ముందు వెనక లేస్తే జ్వరాలు ముందు వెనక వస్తాయి, పంట చెడతాది. పెట్టకు ఇది ఎవరూ నేర్పలేదు. పన్నెండు రోజుల్లో పన్నెండు గుడ్లు పెట్టినా, చివరి గుడ్డు పడేదాకా కుదురుగా కూర్చోదు. అందుకే మొదటి రోజు పెట్టిన గుడ్డు, పన్నెండో రోజు పెట్టిన గుడ్డు ఒకే పొద్దున చిట్లుతాయి. మనమే దాన్ని చెడగొడతాం. పొదుగు గూట్లోకి వేరే పెట్టలు దూరి గుడ్డు పెట్టేసి పోతాయి, ఎవరూ చూడరు. ఇరవై ఒకటో రోజు పిల్లలతో పెట్ట లేసిపోతాది, ఆ గుడ్లు సగం పెరిగి మురిగిపోతాయి. కాబట్టి కూర్చోబెట్టిన గుడ్లన్నింటికీ పెన్సిల్ గుర్తు పెట్టండి. గుర్తు లేని గుడ్డు కనపడితే అదే రోజు తీసి కూర వండుకోండి.

గంప కింద వెడల్పు మట్టి చట్టి, అందులో పొడి ఇసుక, మీద గడ్డి, వేపాకు. వేపాకు కోడిపేలకు పనికొస్తాది. పేలు పడితే పెట్ట నెత్తురు పోయి గుడ్లు వదిలేసి లేస్తాది. మా ఊళ్లో గడ్డి కింద ఒక ఇనుప ముక్క, బొగ్గు, ఎండుమిరపకాయ కూడా పెడతారు, ఉరుములకు గుడ్లు మురగకూడదని. నేను పెడతానా అంటే పెడతాను. ఉరుముకు, మిరపకాయకు ఏమి సంబంధమో నాకు తెలియదు. అత్త బతికినంత కాలం పెట్టింది, దానివల్ల చెడిన గుడ్డు ఒకటీ లేదు.

రోజుకొకసారి పెట్ట లేసి వస్తాది. పావుగంట, ఇరవై నిమిషాలు. నీళ్లు, నాలుగు గింజలు, పెద్ద రెట్ట, మట్టిలో ఒక పొర్లు. అంతసేపు గుడ్డు చల్లారితే ఏమీ కాదు. లేవని పెట్ట ఉంటే చేత్తో లేపి మేతకాడ వదలండి, లేకపోతే గూట్లోనే రెట్ట వేసి గుడ్లు చెడగొడతాది. ఎనిమిదో రాత్రి ఫోన్ టార్చి మీద గుడ్డు పెట్టి చూడండి. ఎర్రని నరాలు సాలెగూడు మాదిరి కనపడితే బతికిన గుడ్డు. ఏమీ లేకుండా పసుపుగా వెలుగు వస్తే అది పిల్ల కాదు, తీసేయొచ్చు. చివరి మూడు రోజులు మాత్రం ఎవరూ చేయి పెట్టొద్దు. చిట్లిన గుడ్డును గోరుతో విప్పి సాయం చేయాలని మన పిల్లలకు ఆత్రం. విప్పితే నెత్తురు కారి పిల్ల చచ్చిపోతాది.

బ్లీచింగ్ సంగతి మరిచిపోవద్దు. మార్కెట్టు అయిపోయిన మరుసటి రోజే మనం షెడ్డు కడిగి మందు కొడతాం. అప్పటికి పిల్లలు మూడు నాలుగు రోజులవి. గూట్లో ఇంకా లేయని గుడ్లు ఉండొచ్చు. గుడ్డు పెంకుకు కంటికి కనపడని రంధ్రాలు వేలల్లో ఉంటాయి, గుడ్డు లోపలి పిల్ల వాటి గుండానే ఊపిరి తీస్తాది. బ్లీచింగ్ ఘాటు, ఫార్మలిన్ ఘాటు మనకే కళ్లల్లో నీళ్లు తెప్పిస్తాయి. ఆ రెండు రోజులు పిల్లల కోడిని గాలికి ఎదురు దిక్కుకు, ఆవుల కొట్టం దగ్గరికో పక్కింటికో మార్చండి. టమాటా తోటలు చుట్టూ ఉన్నవాళ్లు ఇంకో జాగ్రత్త పడాలి. పక్కవాళ్లు మందు కొడితే మల్బరీ ఆకు కోయకుండా ఆగుతాం కదా, ఆ రోజు పిల్లల్ని కూడా గంప కిందనే ఉంచండి. మందు తగిలిన పురుగును తిన్న పిల్ల సాయంత్రానికి ఉండదు.

మేత మాట. మొదటి రోజు పిల్లకు ఆకలి ఉండదు, కడుపులో పచ్చసొన ఉంటాది. రెండు రోజుల దాకా అదే చాలు. తర్వాత నూకలు, దంచిన రాగులు. నీళ్ల గిన్నెలో గులకరాళ్లు వేయండి, మునగకుండా. పాత కుండలో పేడ, పిడక ముక్కలు, గడ్డి కుక్కి తడిపి పుట్ట దగ్గర బోర్లిస్తే రాత్రికి రాత్రి చెదలు ఎక్కుతాయి. పొద్దున కుండ తెచ్చి పిల్లల ముందర దులిపితే వాటి పరుగు చూడాలి. మనకు అంతకంటే దగ్గర మేత ఇంకొకటి ఉంది. గూళ్లు విడిపించేటప్పుడు చంద్రికల కింద, గోడ పగుళ్లలో ఊజీ పురుగులు దొరుకుతాయి. 1980లో కర్ణాటకకు వచ్చిన ఈ ఊజీ ఈగ మనకు ఎంత నష్టం చేసిందో చెప్పక్కరలేదు. కోళ్లను షెడ్డులోకి తోలి ఏరుకు తినమని వదిలేవాళ్లు ఉన్నారు, అది వద్దు. చీపురుతో ఊడ్చి, వేడినీళ్లు పోసి, బయట పిల్లలకు వేయండి. ఒక్క ఈగ తక్కువైనా తక్కువే. రోగం వచ్చి చచ్చిన పట్టుపురుగును మాత్రం ఎప్పుడూ కోడికి వేయొద్దు, సున్నం వేసి పూడ్చండి. శిడ్లఘట్ట పక్క రీలింగు వాళ్ల దగ్గర ఎండిన ప్యూపా దొరికితే పెరిగే పిల్లలకు కొంచెం కలపొచ్చు, అందులో సగం మాంసకృత్తులే. నూనె ఎక్కువ, తొందరగా కంపు కొడతాది, ఎక్కువ వేస్తే గుడ్డుకూ ఆ వాసన వస్తాది. నేను కిలో మేతకు పిడికెడు మించి వేయను.

ఇప్పుడు మిషన్ కొనమన్న అన్నకు జవాబు. మిషన్ చెడ్డదని నేను అనను. యాభై, నూరు పిల్లలు తీసి వ్యాపారం చేసేవాళ్లకు అది కావాల్సిందే. పది పిల్లలకు మిషన్ ఏం చేస్తాది? ముప్పై ఏడున్నర డిగ్రీల దగ్గర ఇరవై ఒక్క రోజులు నిలబెట్టాలి, గుడ్లు తిప్పాలి, తేమ చూడాలి. మనకు తేమ, వేడి చూడటం కొత్త కాదు, షెడ్డులో గోడకు మీటరు వేలాడతానే ఉంటాది. కానీ కరెంటు? 1902లోనే శివనసముద్రం నుంచి నూటనలభై కిలోమీటర్లకు పైగా తీగ లాగి కేజీఎఫ్ గనులకు కరెంటు ఇచ్చినారు. ఆ తీగ ఉన్న జిల్లాలో ఇప్పటికీ మన పల్లెల్లో గాలివాన వస్తే రాత్రంతా చీకటే. అదీ గాక మిషన్ పిల్లను లేపుతాది, పెంచదు. ఆ తర్వాత మూడు వారాలు బల్బు కింద పెట్టి కాపాడేది ఎవరు? కార్తీకం, మార్గశిరం రాత్రుల్లో మన చలికి? పెట్ట పిల్లల్ని లేపుతాది, రెక్కల కింద దాస్తాది, ఏది తినాలో చూపిస్తాది, గద్ద నీడ కనపడితే కూత వేస్తాది. ఆరు నుంచి ఎనిమిది వారాలకు తానే పొడిచి తరిమి మళ్లీ గుడ్డుకు వస్తాది. నేను పెట్టిన మొదటి ఈతలో కాకులకు పిల్లలు పోయినాయి కదా అంటారేమో. పెట్ట ఒక్కటే పదకొండు పిల్లలకు కాపలా కాయలేదు, పక్కన ఒక మనిషి చేతిలో కట్టె ఉండాలి. నేను తేదీ తేదీ అని గోల పెట్టేది అందుకే.

గిరిరాజ, వనరాజ లాంటి రకాలు తొందరగా బరువు వస్తాయి, గుడ్లు ఎక్కువ పెడతాయి, నిజమే. హెబ్బాళలో గిరిరాజ తయారుచేసినవాళ్లకు దండం పెట్టాలి. కానీ అవి పొదగవు. పొదుగుడు అనే గుణాన్ని తీసేసినందుకే గుడ్లు పెరిగినాయి. వాటి గుడ్లు నాటు పెట్ట కింద పెట్టి లేపొచ్చు, పిల్లలు తల్లంత బాగా రావు. ఇంట్లో ఒక్క నాటు పెట్ట కూడా లేకపోతే ప్రతిసారీ పిల్లలు కొనాల్సిందే. మోటారు సైకిల్ మీద బుట్టలో రంగులేసిన పిల్లల్ని తెచ్చేవాడు ఏ ఊరి తెగులు తెస్తాడో ఎవరికి తెలుసు? 2025 మొదట్లో చిక్కబళ్లాపురం తాలూకాలో పక్షి జ్వరం వచ్చినప్పుడు ఆ చుట్టుపక్కల ఇంటి కోళ్లను కూడా వదల్లేదు. ఇంట్లో లేసిన పిల్లకు బయటి గాలి తగలదని కాదు, తెచ్చుకున్నంత ప్రమాదం ఉండదు.

కొక్కెర రోగం టీకా గురించి గ్రూపు పెద్దలకు ఒక విన్నపం. పిల్లలకు ఏడో రోజు కంట్లో చుక్క వేస్తారు, లసోటా అంటారు. రెండు నెలలకు రెక్క కింద ఇంకొక సూది. చిన్న సీసా కొన్నా అందులో నూరు డోసులు ఉంటాయి. కలిపినాక గంట రెండు గంటల్లో అయిపోవాలి, ఐసులోనే ఉండాలి. పది పిల్లలున్న ఆడమనిషి నూరు డోసుల సీసా ఎందుకు కొంటాది? కొనదు, టీకా వేయదు, వేసవిలో తలలు మెలి తిరిగి అన్నీ చస్తాయి. మనకు ఇంకెవరికీ లేని వసతి ఒకటి ఉంది. ఒకే చాకీ సెంటరు నుంచి ఒక ఊరికి ఐదారు ఇండ్లకు ఒకే రోజు పురుగులు వస్తాయి. ఆ ఐదారు ఇండ్లలో అదే సాయంత్రం పెట్టల్ని కూర్చోబెడితే పిల్లలన్నీ ఒకే రోజు లేస్తాయి, ఏడో రోజుకు ఒక్క సీసా అందరికీ సరిపోతాది. ఒకరు పోయి ఐసు డబ్బాలో తెస్తే చాలు. చాకీ తేదీలు గ్రూపులో పెట్టేటప్పుడు కింద ఒక లైను, "ఈ రోజు కోడిని కూర్చోబెట్టేవాళ్లు పేర్లు చెప్పండి" అని పెడితే తప్పేముంది?

ఫోటో తీసేసిన చెల్లెలికి ఒక మాట. గంపను ఇంటి వెనకకు మార్చు తల్లీ, షెడ్డు వాకిట్లో వద్దు. ఫోటో మాత్రం మళ్లీ పెట్టు.

మా పెట్ట ఈ రోజుకు పదహారో రోజు. చాకీ వచ్చిన సాయంత్రమే కూర్చోబెట్టినాను, పదకొండు గుడ్లు. ఎనిమిదో రాత్రి చూస్తే రెండింట్లో నరం లేదు, తీసేసినాను. పురుగులు పండుతా ఉండాయి, రేపు పొద్దున చంద్రికలకు ఎక్కించాలి, మనుషులు చాలరు. ఊళ్లో ఇంకో మూడు ఇండ్లలో ఇదే చాకీ. వాళ్లలో పొదుగుకోడి ఉన్నవాళ్లు సోమవారం లోపల నాకు మెసేజ్ పెట్టండి, టీకా సీసా నేనే తెస్తాను.